మూసిన గదిలో తివాచీ పని

పెట్టుబడులకు ఎర్ర తివాచీ, మంత్రిగారికి ఎర్ర తివాచీ. పత్రికల్లో చదివీ చదివీ మనకిది ఉత్త మాటగా మిగిలింది. పరిచిందెవరో ఒక్కోసారి రాస్తారు, అదీ ప్రభుత్వమనో యాజమాన్యమనో. మర్నాడు ఆ తివాచీని దులిపిందెవరో, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దిందెవరో, తడిసి రాయిలా బరువెక్కినదాన్ని మెట్ల మీదుగా డాబా మీదికి మోసిందెవరో రాయరు. అది రాయదగిన విషయంగా తోచదు. ఇంటి చాకిరీ మొత్తానికి ఉన్న గతే దీనికీ పట్టింది. అయితే ఇందులో అదనంగా మరో సంగతి ఉంది. ఈ పని జరిగే చోటు చిన్న గది, తలుపులూ కిటికీలూ మూసిన గది. అందులో ఆమె పీల్చే గాలి ఎవరి లెక్కలోకీ రాదు.

నేను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో మహిళా సంఘాలతో పనిచేస్తున్నాను. 2016 అక్టోబర్ 11న జిల్లాలుగా విడదీయక ముందు ఇవన్నీ ఒక్కటే, జనం నోట పాలమూరు. పాలమూరు లేబర్ అనగానే మన మనసులో మెదిలేది పార, గంప. ఆనకట్టలూ కాలువలూ రోడ్లూ కట్టిన చేతులు. ఇవాళ అదే నేల మీది ఆడవాళ్ళ చేతుల్లో పార బదులు బ్రష్షు, గంప బదులు బకెట్టు ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కోసం 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ వైపు నుంచి చెదిరిపోయిన కుటుంబాలు కొన్ని. ఆ తర్వాత బోర్లు ఎండి, అప్పులు మిగిలి బస్సెక్కినవాళ్ళు ఇంకెందరో. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో పుట్టినవాళ్ళు కూడా హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లార్లలో తేలారు. మొగుడికి వాచ్‌మన్ పని, మెట్ల కింద ఒక గది, పెళ్ళానికి పై అంతస్తుల్లో ఇంటి పని. వాచ్‌మన్ జీతం ఒకరికే గానీ కొలువు ఇద్దరిదీ. ఇది మనకు తెలిసిన కథే.

ఊళ్ళు వదలనివాళ్ళు ఇక్కడే లాడ్జీల్లో, ఆఫీసుల్లో, ఫంక్షన్ హాళ్ళలో, టెంట్ హౌసుల్లో స్వీపర్లుగా ఉన్నారు. మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాక ఆఫీసర్ల గదులు పెరిగాయి, వాటిలో తివాచీలూ పెరిగాయి. పాపం తివాచీకి ఏ హోదా లేదు గానీ, అది ఉన్న గదికి హోదా వస్తుందని మనవాళ్ళ నమ్మకం.

సంఘం మీటింగుల్లో జీతాలు, సెలవులు, దొంగతనం నిందలు, మగవాళ్ళ చూపులు, వీటి గురించి మాట్లాడుకోవడం మొదట్నుంచీ ఉంది. తివాచీ సంగతి మాత్రం మేం అడిగితే వచ్చింది కాదు. దగ్గు గురించి మాట్లాడుతుంటే వచ్చింది. ఎప్పుడెక్కువ దగ్గు వస్తదని అడిగితే నలుగురైదుగురు ఒకటే అన్నారు: కార్పెట్ చేసిన రోజు. హైదరాబాదులో ఇళ్ళలో పనిచేసి పండక్కి ఊరొచ్చిన వనపర్తి వైపు ఆమె ఒకామె చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. “కిటికీ తీస్తె ఏసీ పోతదంటది మేడమ్. తీయకుంటె నా పానం పోతదక్కా.”

అసలు ఆ పని ఎట్లా జరుగుతుందో మనలో చాలామందిమి ఎప్పుడూ నిలబడి చూసి ఉండం. కాస్త వివరంగా చెప్పుకుందాం.

పదడుగుల గది అనుకోండి. అందులో మంచం, బీరువా, టీవీ బల్ల. తివాచీ సగం మంచం కోళ్ళ కింద, ఒక మూల బీరువా కింద ఇరుక్కుని ఉంటుంది. దాన్ని చుట్టి బయటికి తీసుకెళ్ళి ఎండలో కర్రతో కొట్టే వీలు లేదు. బాల్కనీలో చోటు లేదు, దులిపితే కింది ఫ్లాటువాళ్ళు పోట్లాటకొస్తారు. అందుకని ఉన్నచోటనే చేయాలి. ముందు పొడి బ్రష్షుతో రుద్దుతుంది. లోపల నెలల తరబడి కూరుకున్న మట్టి, వెంట్రుకలు, తిండి మెతుకులు, పురుగుల పెంట, అన్నీ పైకి లేస్తాయి. తర్వాత ఏదో లిక్విడ్ చిలకరిస్తుంది. నురగ వచ్చేదాకా రుద్దుతుంది. తడిగుడ్డతో తుడిచి, పిండి, మళ్ళీ తుడుస్తుంది. మంచం కిందకి సగం శరీరం దూర్చి చేయాలి. ఇదంతా మోకాళ్ళ మీదే. అంటే ఆమె ముక్కు తివాచీకి జానెడు దూరంలో ఉంటుంది. గుమ్మం దగ్గర నిలబడి “అక్కడ ఇంకా మరక పోలేదు” అని చెప్పే మనిషి పీల్చే గాలీ, కింద ఆమె పీల్చే గాలీ ఒకటి కాదు.

కిటికీ ఎందుకు తెరవరు? దోమలు, రోడ్డు దుమ్ము, ఏసీ, ఎదురింటివాళ్ళ కళ్ళు. ఒక్కో ఇంట్లో కిటికీకి అడ్డంగా బీరువానే పెట్టేసి ఉంటుంది. లాడ్జి గదుల్లోనైతే కొన్నింటికి కిటికీయే ఉండదు, ఉన్నా అది నడవలోకి తెరుచుకుంటుంది. ఆఫీసర్ల గదుల్లో అద్దాల తలుపులు. సారు రాకముందే పని అయిపోవాలి గనుక ఫ్యాను కూడా వేయనివ్వరు, కాగితాలు ఎగురుతాయని.

మిషను కొంటే సరిపోతుంది కదా అంటారు. వాక్యూమ్ క్లీనర్ ఉన్న ఇళ్ళ సంగతి కూడా చూశాం. మంచి ఫిల్టరు లేని మిషను పెద్ద చెత్తను లాక్కుని, కంటికి కనబడని సన్న దుమ్మును వెనక నుంచి అదే గదిలోకి వదులుతుంది. ఇక దాని సంచీ విప్పి దులిపేది ఎవరు? ఆమే. మిషను వచ్చింది గనుక నెలకోసారి చేసే పని వారానికోసారి అయింది, జీతం మాత్రం కదల్లేదు.

మందుల సంగతి ఇంకా ఘోరం. మన ఆడవాళ్ళు లిక్విడ్లన్నిటినీ మందు అనే అంటారు. కార్పెట్ మందు, బాత్రూం మందు, అద్దాల మందు. పెద్ద డబ్బాలో తెచ్చి, పాత మంచినీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇస్తారు. దేని మీదా పేరుండదు. ఉన్నా అది ఇంగ్లీషులోనే. మరక పోకపోతే ఇంట్లో ఉన్నవన్నీ కలిపి చూడమని సలహా. బ్లీచింగ్ నీళ్ళలో బాత్రూం యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్రె దగ్గర సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. అక్కడిది టన్నుల లెక్క, ఇక్కడిది చెంచాల లెక్క, నిజమే. కానీ ఆ సైనికుల పైన ఆకాశం ఉంది. ఈమె పైన శ్లాబు ఉంది. పైగా క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేల మీదే పరుచుకుంటుంది. మోకాళ్ళ మీద కూర్చున్న మనిషికి అది నేరుగా అందుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల మందుతో బ్లీచింగ్ కలిసినా ఊపిరి ఆడనివ్వని వాయువులే వస్తాయి. ఇంకో సంగతి. ఉన్ని తివాచీ మీద బ్లీచింగ్ వేస్తే మరకతో పాటు ఉన్నీ పోతుంది, క్లోరిన్ ఉన్నిని తినేస్తుంది. అప్పుడు తివాచీ పాడు చేసిందని జీతంలో కోత. వేయమన్నదెవరు?

“ఇదంతా ఎక్కువ చేసి చెప్పడం, మా అమ్మలు దుమ్ములో పుట్టి దుమ్ములో పోలేదా” అనే పెద్దమనుషులు మన మధ్యలోనూ ఉన్నారు. వాళ్ళ కోసం ఒక అధ్యయనం సంగతి. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐరోపా దేశాల్లో ఆరు వేల మందికి పైగా మనుషుల ఊపిరితిత్తుల శక్తిని 20 ఏళ్ళపాటు కొలిచి, 2018లో ఫలితాలు ప్రచురించారు. అది తివాచీల మీద చేసింది కాదు, మొత్తంగా శుభ్రపరిచే పని మీద చేసింది. శుభ్రం చేసే పనిలో ఉన్న స్త్రీలకు ఆ శక్తి మిగతావాళ్ళకన్నా వేగంగా తగ్గిందని తేలింది. జీతానికి చేసేవాళ్ళలో జరిగిన నష్టాన్ని రోజుకో పెట్టె చొప్పున పది నుంచి ఇరవై ఏళ్ళు సిగరెట్లు తాగడంతో పోల్చారు. గమనించాల్సింది ఇంకొకటుంది. జీతం లేకుండా తన ఇల్లు తాను శుభ్రం చేసుకునే స్త్రీలకూ దాదాపు అంతే నష్టం కనబడింది. చాలా పనులకు నీళ్ళూ మెత్తటి గుడ్డా చాలు, ఈ రసాయనాల అవసరం లేదని ఆ పరిశోధకులే అన్నారు. చలిదేశాల్లో, కొలతలు తీసుకునే డాక్టర్లున్న చోట్ల వచ్చిన లెక్క ఇది. మన లాడ్జి గదుల్లో పనిచేసే ఆమె ఊపిరిని ఎవరు కొలిచారు? ఆమె దగ్గుకు మన దగ్గర రెండే పేర్లు. ఒకటి పడిశం, రెండోది టీబీ. పని వల్ల వచ్చే దగ్గు అని చీటీ మీద రాసిన డాక్టరు నాకింతవరకూ కనబడలేదు.

మన మహిళా ఉద్యమం లోపలి సంగతి కూడా ఇక్కడ మాట్లాడుకోవాలి. తివాచీల మీద ప్రపంచం దృష్టి పడని కాలం లేదు. 1990లలో ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్, భదోహీ ప్రాంతాల్లో తివాచీలు నేసే పసిచేతుల గురించి దేశదేశాల్లో మాట్లాడారు. 1994లో రగ్‌మార్క్ ముద్ర కోసం ప్రయత్నాలు మొదలయ్యాయి, పిల్లల చేత నేయించలేదని హామీ ఇచ్చే ముద్ర అది. అవసరమైన పనే. కానీ తివాచీ కొన్నాక, దాన్ని పదేళ్ళపాటు ఇంట్లో ఉంచాక, ఆ పదేళ్ళూ దాన్ని ఎవరు శుభ్రం చేస్తున్నారనే ప్రశ్న ఏ ముద్ర మీదా లేదు. నేసేటప్పుడు అది ఉత్పత్తి, గనుక శ్రమ కనబడింది. కడిగేటప్పుడు అది చాకిరీ, గనుక మాయమైంది. ఉత్పత్తి శ్రమ, పునరుత్పత్తి శ్రమ అని మనం తరగతుల్లో చెప్పే పాఠమే ఇది. పాఠం చెప్పి బయటికొచ్చి, మన ఆఫీసు తివాచీ ఎవరు దులుపుతున్నారో చూడకుండా జీపెక్కుతాం. మన స్వచ్ఛంద సంస్థల శిక్షణ హాళ్ళలో తివాచీ మీద గుండ్రంగా కూర్చుని హక్కుల గురించి మాట్లాడుకోవడం ఒక ఆచారమైంది కూడా.

తివాచీ మన ప్రాంతపు వస్తువు కాదు అనను. వరంగల్లు తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్ళాయి, ఏలూరులోనూ నేశారు. కానీ పాలమూరు పల్లెల్లో కింద పరుచుకునేది చాప, బొంత, జంపఖానా, గొంగడి. గొంగడి మీద దుమ్ము పడితే బయట దులిపి ఎండలో వేస్తారు. బొంతలు వాగు దగ్గరో చెరువు దగ్గరో ఉతికి బండల మీద ఆరబెడతారు. ఆ రోజులు మంచివని నేననడం లేదు. దొరల గడీల్లో పరుపులూ పరదాలూ తివాచీలూ ఉతికింది చాకలి కులపు ఆడవాళ్ళు, వెట్టికి. గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉన్న ప్రాంతంలో ఇది పెద్దవాళ్ళకు విప్పి చెప్పనక్కర్లేదు. ఎవరి మురికి ఎవరు ఉతకాలో కులం నిర్ణయించింది. నేనంటున్నది ఇంతే: ఆ పని ఆకాశం కింద, పదిమంది మధ్య జరిగింది. గాలీ ఎండా సగం పని చేసిపెట్టాయి. దొర మీద నాలుగు తిట్లు తిట్టుకోవడానికి పక్కన మనిషి ఉండేది. ఇప్పుడు అదే కులాల, దళిత కులాల ఆడవాళ్ళు మూసిన గదిలో ఒంటరిగా ఆ పని చేస్తున్నారు. వెట్టి చట్టం దృష్టిలో 1976లో పోయింది. “ఊడ్చేటప్పుడు అదొకటి కూడా చేసెయ్” అనే మాటలో అది ఇంకా బతికి ఉంది.

ఇక్కడే గద్వాల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. గద్వాల చీర పేరు తెలియనివాళ్ళు లేరు. గుంట మగ్గం ఉన్న ఇంట్లో చాలాచోట్ల మగ్గమున్న గదే పడకగది, వంటగది కూడా. నూలు పీచు గాల్లో తేలుతూ ఉంటుంది. కండెలు చుట్టేది ఆడమనిషి, ఆ పీచు ఊడ్చేదీ ఆడమనిషే. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ జబ్బు 1948 ఫ్యాక్టరీల చట్టంలో వృత్తివ్యాధుల పట్టికలో ఉంది. మిల్లులో వస్తే అది వృత్తివ్యాధి. ఇంట్లో మగ్గం గదిలో వస్తే ఆయాసం. గద్వాలలో మగ్గం గది ఊడ్చే ఆమె సమస్యా, హైదరాబాదు ఫ్లాటులో తివాచీ రుద్దే ఆమె సమస్యా వేరువేరు కాదు. రెండు చోట్లా గడప లోపల ఉన్న దుమ్ము దుమ్ము కాదని చట్టం నమ్ముతోంది.

చట్టానికి ఈ సంగతి తెలియదా అంటే బాగా తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం కార్మికుడు పీల్చే గాలిని కూడా కొలిచింది. ఒక్కో మనిషికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటుండాలని 16వ సెక్షన్ చెప్పింది. 36వ సెక్షన్ ఇంకా స్పష్టం. వాయువులు, పొగలు, ఆవిర్లు, దుమ్ము ప్రమాదకరంగా ఉండే అవకాశమున్న గది, తొట్టి, గొయ్యి, పైపులాంటి ఇరుకు చోట్లలోకి తగిన జాగ్రత్త లేకుండా మనిషిని పంపకూడదు. చూశారా, గది అనే మాట కూడా అందులో ఉంది, దుమ్ము అనే మాటా ఉంది. కాకపోతే అది ఫ్యాక్టరీలోని గది. 2025 నవంబర్ 21న ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది. అది మామూలుగా పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట్లకు వర్తిస్తుంది. ఒక ఇంట్లో ఒక పనిమనిషి. ఈ లెక్కన పదిమంది కలిసి ఒకే గదిలో తివాచీ రుద్దితే తప్ప చట్టం లోపలికి తొంగిచూడదు.

ఇల్లు పనిచోటు కాదు గదా అని వాదించే అధికారులకు మన దగ్గర జవాబుంది. 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం నివాస గృహాన్ని పనిచోటుగా రాసింది, ఇంటి పనివారిని అందులో చేర్చింది. అది తేలిగ్గా రాలేదు, స్త్రీల సంఘాలు పట్టుబట్టడం వల్ల వచ్చింది. ఒక ఇల్లు ఆమె ఒంటి మీద చేయి వేసే విషయంలో పనిచోటయితే, ఆమె ఊపిరితిత్తుల విషయంలో ఎందుకు కాదు? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో ఇంటి పనివారి కోసం 189వ ఒడంబడిక చేసింది. దాని 13వ అధికరణం సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని పరిస్థితులు ప్రతి ఇంటి కార్మికురాలి హక్కు అంటుంది. మన దేశం అక్కడ చేయెత్తి ఓటేసి వచ్చింది, ఇక్కడ మాత్రం ధ్రువీకరించలేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటి పనివారికి కనీస వేతనాలంటూ జీవో ఇచ్చింది. మా మూడు జిల్లాల నుంచి వెళ్ళి ఇళ్ళలో పనిచేసేవాళ్ళలో ఆ జీవో మాట విన్న మనిషి నాకు ఇంకా తగల్లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివారి కోసం చట్టం తేవడాన్ని పరిశీలించేందుకు కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ ముందుకు, రేపు ఏ చట్టం ముసాయిదా వచ్చినా దాని ముందుకు, మనం తీసుకెళ్ళేది జీతం, సెలవు, పింఛనుతో ఆగిపోకూడదు. గాలి కూడా ఉండాలి.

మధ్యతరగతి గృహిణిని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పనిమనిషి రాని రోజు ఆ తివాచీ ముందు కూర్చునేది ఆమే. బెర్గెన్ అధ్యయనం చెప్పింది ఆమె ఊపిరితిత్తుల గురించి కూడా. ఆ ఇంటి మగవాడికి తివాచీ కావాలి, ఆఫీసు నుంచి రాగానే దాని మీద కాళ్ళు చాపుకోవాలి. చెప్పులతో దాని మీదికొచ్చేది కూడా ఎక్కువసార్లు అతనే. అంతమాత్రాన ఇద్దరు స్త్రీలూ సమానమేనని సర్దుకుపోవడం కూడా అబద్ధమవుతుంది. ఒకరు వారానికి ఒక గది చేస్తారు, కిటికీ తీసే అధికారం తన చేతిలో ఉంది. ఇంకొకరు రోజుకు నాలుగిళ్ళు చేస్తారు, కిటికీ తీయాలంటే అడగాలి. మా ఉద్దేశంలో మొత్తం తేడా ఆ అడగడంలో ఉంది.

ఒక ఇంట్లో చూసిన దృశ్యం ఎంత వద్దనుకున్నా గుర్తొస్తుంది. తివాచీ పాతబడి, మరకలు పోనంతగా పోయాక దాన్ని పారేయరు. వాచ్‌మన్ పెళ్ళానికిస్తారు, దయగా. అది సెల్లార్ గదికి వస్తుంది. ఎనిమిదడుగుల గది, కిటికీ లేదు, కార్ల పొగ. దాని మీద పిల్లలు పడుకుంటారు, అక్కడే హోంవర్కు రాసుకుంటారు. పదేళ్ళు పై అంతస్తులో ఆమె దులిపిన దుమ్ములో మిగిలింది ఇప్పుడు ఆమె పిల్లల పక్క కింద ఉంది. వద్దనాలని ఎవరైనా చెప్పగలరా? చలికాలం బండ మీద పడుకోబెట్టలేదు కదా.

స్త్రీల మీద ఇన్ని హత్యలూ అత్యాచారాలూ జరుగుతుంటే తివాచీ గురించి ఇన్ని పేజీలా అని ఒక మిత్రురాలు అడిగింది. ఆమె కోపం నాకర్థమవుతుంది. హింస అంటే దెబ్బ మాత్రమే అనుకుంటే తివాచీకి చోటు లేదు. రోజూ కొంచెం కొంచెంగా, కేసు పెట్టడానికి వీల్లేకుండా ఒక మనిషి ఊపిరి తగ్గిపోవడాన్ని ఏమనాలో మన డిక్షనరీలో మాట లేకపోతే, మాట వెతకడం మన పనే.

మేం కొన్ని నెలలుగా మూడు పట్టణాల్లోని స్వీపర్లతో, హైదరాబాదు నుంచి పండగలకు వచ్చే ఇంటి పనివారితో కూర్చుని ఒక కాగితం తయారుచేస్తున్నాం. మేం కావాలన్నవి పెద్ద కోరికలేమీ కావు. ఊడ్చడం, తుడవడం, అంట్లు, బట్టలు అని జీతం మాట్లాడుకునేటప్పుడు కార్పెట్ అని వేరే చెప్పాలి, దాని రేటు వేరే ఉండాలి. కార్పెట్ చేసేంతసేపూ కిటికీ, తలుపు తెరిచి ఉండాలి, ఏసీ ఆపాలి. కిటికీ లేని గదిలో ఉన్నచోట చేయడం కుదరదు, చుట్టి బయటికి తేవాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరో మనిషి ఇంట్లో మగవాడైనా ఫర్వాలేదు. మందు దాని సొంత డబ్బాలోనే ఇవ్వాలి, దాని మీద రాసింది చదివి తెలుగులో చెప్పాలి. ఒక మందులో ఇంకోటి కలపమంటే కలపం. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు ఇవ్వాలి. గుడ్డ కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుంది గానీ వాయువు ఆగదన్న సంగతి కూడా ఆ కాగితంలో రాయించాం. ఎందుకంటే మాస్కు ఇచ్చాం కదా అని కిటికీ మూసే తెలివి యజమానులకు వెంటనే వస్తుంది. గర్భిణికి, ఆయాసం ఉన్న మనిషికి ఈ పని చెప్పకూడదు, చెప్పనందుకు పనిలోంచి తీయకూడదు. ఆఫీసుల్లో, లాడ్జీల్లో కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళయితే ఇవన్నీ కాంట్రాక్టు కాగితంలోనే ఉండాలి.

వీటిలో దేనికీ పెద్దగా డబ్బు ఖర్చు కాదు. అయినా మొదట వచ్చిన జవాబు “ఇష్టముంటే చేయండి, లేకుంటే బోలెడుమంది ఉన్నారు”. ఒక్కరే అడిగితే ఆ జవాబు పనిచేస్తుంది. ఒక అపార్టుమెంటులో పనిచేసే పన్నెండుమంది ఒకే నెలలో ఒకే మాట అడిగితే అంత తేలిగ్గా పనిచేయదు. ఎక్కడైతే వాచ్‌మన్ పెళ్ళామే అందరినీ కూడగట్టిందో అక్కడ కిటికీ సంగతి ఒప్పుకున్నారు. వేరే రేటు సంగతి ఒప్పుకోలేదు. కిటికీకి డబ్బు పడదు కదా!

కాగితంలో ఒక విషయం ఇంకా తెగలేదు. తడిసిన తివాచీ ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే బూజు పడుతుంది, వాసన కొడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. అంచేత దాన్ని తిప్పడం, ఎత్తడం, ఆరిందో లేదో చూడడం కూడా పనే, ఆ రెండో రోజుకూ డబ్బు కావాలని గద్వాల స్వీపర్లు గట్టిగా అంటున్నారు. అట్లా రాస్తే మొదటి రోజు పని కూడా పోతుందని హైదరాబాదులో చేసేవాళ్ళు భయపడుతున్నారు. ఇద్దరి మాటా విన్నాం, తేల్చలేదు. మీ ప్రాంతంలో ఈ పనికి వేరే రేటు అడిగిన చోట్లుంటే ఎంత అడిగారో, ఎంత ఇచ్చారో, ఆరబెట్టే రోజు సంగతి ఏం చేశారో ఈ పత్రిక చిరునామాకు రాసి పంపండి. వచ్చే మీటింగులో ఆ ఉత్తరాలు చదివి వినిపించి, ఆ తర్వాతే కాగితం అచ్చు వేయిస్తాం.